సూరత్ సంసారం... బ్యాంకాక్ షికారు

ఒకప్పుడు మగవాళ్లు గుట్టుగా వెళ్లొచ్చిన ఊరికి ఇప్పుడు నానమ్మ, మనవలు కలిసి విమానమెక్కుతున్నారు. వీసా గొడవ లేదు, ముంబై దాకా పోయే శ్రమ లేదు. సూరత్‌కూ సయాంకూ ఉన్న పాత చుట్టరికం మాత్రం టూరు కార్యక్రమంలో ఎక్కడా కనిపించదు.

2024 డిసెంబరు 20న సూరత్ నుంచి బ్యాంకాక్‌కు ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ తొలి విమానం బయల్దేరింది. ఆ తర్వాత రెండు రోజులు దేశమంతా నవ్వుకుంది. నాలుగు గంటల ప్రయాణంలో ప్రయాణికులు దాదాపు 15 లీటర్ల మద్యం కొనుక్కుని తాగారని, దాని ఖరీదు 1.8 లక్షల రూపాయలని వార్తలొచ్చాయి. సీసాల స్టాకు మొత్తం అయిపోయిందన్న ప్రచారం కూడా జరిగింది. మద్యనిషేధం ఉన్న గుజరాత్ కావడంతో ఛలోక్తులకు కొదవ లేకపోయింది.

అదే వార్తలో ఇంకో ముక్క కూడా ఉంది. సీసాలతోపాటు సీట్ల మధ్య థేప్లాలు, ఖమణ్ పొట్లాలు కూడా విప్పారన్నది ఆ ముక్క. సీసా కథలో పడి దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి అసలు కథ ఉన్నది ఆ పొట్లాల్లోనే. థేప్లా ఇంట్లో వండి, చల్లార్చి, ప్రయాణానికి కట్టుకునే తిండి. మన సకినాలు, పులిహోరలాగే అది సంసారం కదిలిందనడానికి గుర్తు. సూరత్ నుంచి బ్యాంకాక్ వెళ్లే దారిలో వచ్చిన పెద్ద మార్పు అదే. మగవాళ్ల ముఠాలు వెళ్లే ఊరు కాస్తా ఇంటిల్లిపాదీ వెళ్లే ఊరైంది.

ముంబై మజిలీ లేకుండా

వజ్రాలు సానబెట్టే ఊరుగా, చీరల టోకు వ్యాపారానికి రాజధానిగా సూరత్‌కు ప్రపంచమంతటా పేరున్నా విమానాల విషయంలో మాత్రం ఎంతోకాలం చిన్నచూపే దక్కింది. విదేశం వెళ్లాలంటే ముందు సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని ముంబై చేరాలి. లేదంటే అటు అహ్మదాబాద్ పోవాలి. 2019లో షార్జాకు విమానం మొదలయ్యాకే ఈ ఊరి ఆకాశానికి సరిహద్దు తెరుచుకుంది. 2023 డిసెంబరు 15న కేంద్ర మంత్రివర్గం సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఇచ్చింది. రెండు రోజుల తర్వాత ప్రధాని నరేంద్ర మోదీ కొత్త టెర్మినల్‌నూ, తొమ్మిది టవర్ల సూరత్ డైమండ్ బోర్స్‌నూ ఒకే రోజు ప్రారంభించారు. మరో ఏడాదికి బ్యాంకాక్ విమానం వచ్చింది.

నలుగురు స్నేహితులు కలిసి వెళ్లేటప్పుడు ముంబై మజిలీ పెద్ద లెక్కలోకి రాదు. రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున ట్యాక్సీ పట్టుకుని, విమానాశ్రయం కుర్చీల్లో కునుకు తీసినా సరదాగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో, అన్నానికి పేచీ పెట్టే పిల్లలతో అదే ప్రయాణం చేయాలంటే ఉత్సాహం సగం దారిలోనే ఆవిరవుతుంది. ఊళ్లోనే విమానమెక్కే వీలు ముందుగా మేలు చేసింది ఇలాంటి కుటుంబాలకే.

రెండో అడ్డంకిని థాయ్‌లాండ్ ప్రభుత్వమే తీసేసింది. 2023 నవంబరు 10 నుంచి భారతీయులకు వీసా లేకుండా 30 రోజులు ఉండే వెసులుబాటు ఇచ్చింది. 2024 జూలైలో దాన్ని 60 రోజులకు పెంచింది. 2025 మే 1 నుంచి మాత్రం అక్కడ దిగే ముందు మూడు రోజుల్లోగా ఆన్‌లైన్‌లో రాక వివరాల పత్రం నింపాలన్న నిబంధన పెట్టింది. దానికి రుసుమేమీ లేదు. ఇలాంటి గడువులు, నిబంధనలు ప్రభుత్వాల అవసరాన్నిబట్టి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఓసారి చూసుకోవడం మంచిది.

ఫలితం అంకెల్లో కనిపిస్తోంది. 2024లో థాయ్‌లాండ్ వెళ్లిన భారతీయులు 21 లక్షలకు పైనే. చైనా, మలేసియాల తర్వాత మూడో స్థానం మనదే. తెలుగు రాష్ట్రాల వాటా కూడా ఇందులో తక్కువేమీ కాదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా విమానాలు చాలాకాలంగా ఉన్నాయి. 2024లో విశాఖపట్నం కూడా ఆ జాబితాలో చేరింది.

గుసగుసల ఊరు

ఇంతకుముందు బ్యాంకాక్ అనగానే వినిపించేది గుసగుసే. వ్యాపారం బాగా సాగిన ఏడాది డీలర్లకు కంపెనీలు ఇచ్చే బహుమానం బ్యాంకాక్ ట్రిప్పు. వెళ్లొచ్చినవాళ్లు ఫొటోలు చూపించడానికి కొంచెం మొహమాటపడేవారు. చూపించినా ఏరి చూపించేవారు. ఇంట్లో ఆడవాళ్లు వివరాలు అడగరు, మగవాళ్లు చెప్పరు. తెలుగు సినిమాల్లో హాస్యనటుడు బ్యాంకాక్ పేరెత్తితే చాలు, హాల్లో నవ్వులు మొదలయ్యేవి.

ఆ పేరు ఊరికే రాలేదు. పట్‌పోంగ్ వీధి, పట్టాయా తీరం ఏ పుణ్యకార్యానికీ ప్రసిద్ధి కాదు. 2023 మేలో పట్టాయాలోని ఓ హోటల్లో పేకాట ఆడుతూ 80 మందికి పైగా భారతీయులు పట్టుబడ్డారు. వారిలో తెలుగు రాష్ట్రాలవారూ ఉన్నారు. ఆ వార్త వచ్చినప్పుడు బ్యాంకాక్ టికెట్లు చేతిలో పెట్టుకున్న ఎన్ని కుటుంబాలు బంధువుల దగ్గర సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందో!

కుటుంబాలు వెళ్లడం మొదలయ్యాక ఆ ఊరికున్న పేరు నెమ్మదిగా మారుతోంది. నానమ్మ వెళ్లొచ్చిన ఊరి గురించి గుసగుసలాడుకోవడం కష్టం కదా. ఆవిడ వచ్చి పడుకుని ఉన్న బుద్ధుడి గురించి, నదిలో పడవ గురించి, మెట్రో రైలు గురించి చెబుతుంది. ఊరు మారలేదు. పట్‌పోంగ్ పట్‌పోంగ్‌లాగే ఉంది. చూసే కళ్లే మారాయి.

లెక్క కోసం ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. సూరత్ రింగ్‌రోడ్డు మార్కెట్లో చీరల దుకాణం పెట్టుకుని నిలదొక్కుకున్న తెలుగు కుటుంబం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తాత, నానమ్మ. తాత తెలంగాణ నుంచి మగ్గం పని మీద వచ్చినవాడు. కొడుకు నేసేవాడు కాదు, అమ్మేవాడు. మనవలు గుజరాతీ, హిందీ, ఇంగ్లిష్ మాట్లాడతారు. తాతతో తెలుగు. ఈ ఆరుగురూ ఐదారు రోజుల ప్యాకేజీ మీద వెళ్తే ఏం చూస్తారు?

గోడ మీద మరో హనుమంతుడు

ప్యాకేజీల్లో వరస ఇంచుమించు ఒకటే. పట్టాయాలో రెండు రాత్రులు, పగడాల దీవికి పడవ, తోటలు. బ్యాంకాక్‌లో రెండు మూడు రాత్రులు, సఫారీ, రాత్రి చావో ఫ్రాయా నది మీద పడవలో భోజనం, మాల్స్‌లో కొనుగోళ్లు. గుళ్లకు, కోటకు కలిపి ఒక పూట. నిజానికి కుటుంబానికి ఎక్కువ అందించేది ఆ ఒక్క పూటే.

బ్యాంకాక్‌ను థాయ్‌లు ఆ పేరుతో పిలవరు. వాళ్లకది కృంగ్ థెప్ మహానఖోన్. థెప్ అంటే దేవ, నఖోన్ అంటే నగరం. 1782లో మొదటి రాముడు రాజధానిని ఇక్కడికి మార్చి గ్రాండ్ ప్యాలెస్ కట్టించాడు. ఆ చక్రీ వంశంలో ప్రతి రాజునూ రాముడనే లెక్కపెడతారు. ఇప్పుడున్నది పదో రాముడు. పాత రాజధానుల్లో ఒకదాని పేరు అయుత్తయ, అంటే మన అయోధ్యే. తాతకు ఇంత చెబితే చాలు, గైడ్ అక్కర్లేదు.

ప్యాలెస్ ఆవరణలోని మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ వసారా గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం ఉంది. వాళ్లు దాన్ని రామకియన్ అంటారు. రావణుడి పేరు తోసకన్, అంటే దశకంఠుడు. కథ తెలిసినదే అనుకుంటూ నడుస్తున్న తెలుగు కుటుంబం హనుమంతుడి దగ్గర మాత్రం కంగుతింటుంది. థాయ్ హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువు కట్టేటప్పుడు రాళ్లు తీసేస్తున్న మత్స్యకన్య సువన్నమచ్చను, అంటే రావణుడి కూతుర్నే, వలచి పెళ్లాడతాడు. మంగళవారం ఉపవాసముండే నానమ్మకు దీన్ని ఎలా చెప్పాలన్నది కొడుకు సమస్య. మనవలకు మాత్రం ఇంతకంటే మంచి కథ దొరకదు.

ప్యాలెస్‌లోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. ఇక్కడో తమాషా ఉంది. బ్యాంకాక్ కోసమని కొత్తగా నిక్కర్లు, చేతుల్లేని చొక్కాలు కొనుక్కున్న పడుచువాళ్లను గేటు దగ్గర ఆపుతారు. వాళ్లు అక్కడికక్కడ లుంగీలాంటి బట్ట కొని చుట్టుకోవలసిందే. నేత చీర కట్టుకున్న నానమ్మ మాత్రం దర్జాగా లోపలికి నడిచి వెళ్తుంది.

టికెట్ విదేశీయులకు 500 బాత్‌లు. స్థానికులకు ఉచితం. బాత్ విలువ రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది కాబట్టి తలకు 1,250 నుంచి 1,500 రూపాయలు. ఆరుగురికి దాదాపు తొమ్మిది వేల దాకా అవుతుంది. 120 సెంటీమీటర్లకన్నా పొట్టిగా ఉన్న పిల్లలకు టికెట్ లేదు. పక్కనే ఉన్న వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున శయనించిన బుద్ధుణ్ని చూడాలన్నా, నదికి అవతల వాట్ అరుణ్ గోపురం ఎక్కాలన్నా మళ్లీ టికెట్లే. అరుణ్ అంటే సూర్యుడి సారథి అరుణుడే. అందుకే టూరు ధర మాట్లాడుకునేటప్పుడు ప్రవేశ రుసుములు అందులో ఉన్నాయో లేదో ముందే తేల్చుకోవడం అవసరం. ప్యాకేజీలు చౌకగా కనిపించడానికి ఒక కారణం ఇలాంటివి వదిలేయడమే.

రాళ్ల ఊరివాళ్లకే రాళ్లు

సూరత్ కన్ను రాయిని చూస్తే ఊరుకోదు. మరకత బుద్ధుడి విగ్రహం పేరుకే మరకతం. నిజానికి జేడ్ జాతికి చెందిన పచ్చరాయి. ఎత్తు 66 సెంటీమీటర్లే. ఏడాదిలో మూడుసార్లు, ఎండాకాలం, వానాకాలం, చలికాలం మొదలయ్యేటప్పుడు, రాజే స్వయంగా దుస్తులు మారుస్తాడు. రాయి, బట్ట. సూరత్ బతుకంతా ఈ రెండింటి మీదేనని గుర్తుంచుకుంటే ఆ గుడిలో మరి కాసేపు నిలబడాలనిపిస్తుంది.

గుడి బయట మాత్రం జాగ్రత్త. బ్యాంకాక్‌లో దశాబ్దాలుగా నడుస్తున్న ఒక మోసం ఉంది. ప్యాలెస్ దగ్గర మర్యాదస్తుడిలా కనిపించే మనిషి వచ్చి, ఇవాళ పూజలున్నాయి, లోపలికి పోనివ్వరని చెబుతాడు. పక్కనే మూడు చక్రాల టుక్‌టుక్ ఉంటుంది. అతి తక్కువ డబ్బుకు ఊరంతా చూపిస్తానంటుంది. రెండు గుళ్ల తర్వాత బండి ఆగేది ఒక రత్నాల దుకాణం ముందు. ఈ ఒక్కరోజే పన్ను లేదు, మీ ఊళ్లో అమ్మితే రెండింతలు వస్తుందని ఊరిస్తారు. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో సింహభాగం తన ఊరి మీదుగానే పోతుందని తెలిసిన సూరత్ మనిషి నవ్వేసి బయటికి వస్తాడు. నవ్వలేనివాళ్లు లేకపోలేదు. వజ్రం తెలిసినవాడికి కెంపు, నీలం తెలియాలని లేదు. ప్యాలెస్ మూసి ఉందో లేదో దాని గేటు దగ్గరే అడగాలి తప్ప దారిలో కాదు.

నిజమైన రత్నాల వ్యాపారం సీలోమ్ రోడ్డు, దాని పక్కనున్న మహేసక్ వీధిలో జరుగుతుంది. భారతీయ వ్యాపారులకు అది కొత్త చోటు కాదు. కెంపులకు, నీలాలకు రంగు తెచ్చే పనిలో థాయ్‌లు మొనగాళ్లు. వజ్రాలకు సానబెట్టడంలో సూరత్. అక్కడే 19వ శతాబ్దిలో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి ఉంది. స్థానికులు దాన్ని వాట్ ఖేక్ అంటారు. ఖేక్ అంటే అతిథి, పరదేశి. మనల్ని పిలిచే మాట కూడా అదే. అదే రోడ్డు పట్టుకుని ముందుకు నడిస్తే పట్‌పోంగ్ వస్తుంది. రత్నాల బజారు, అమ్మవారి గుడి, రాత్రి వీధి కాలినడక దూరంలో ఉన్నాయి. ఏ మలుపు దగ్గర వెనక్కి తిరగాలో కుటుంబం ఇష్టం.

మాంసవిరతి అంటే అర్థమవుతుంది

గుజరాతీ కుటుంబాలకు తిండే పెద్ద భయం. పెద్ద బృందాలైతే మహారాజ్‌ను, అంటే వంటవాణ్ని, వెంటబెట్టుకుని వెళ్లే ఆనవాయితీ ఉంది. థాయ్ వంటలో చేపలతో చేసే నామ్ ప్లా సాస్ చింతపండు పులుసులాగా అన్నింట్లో పడుతుంది. కూరగాయల వంటకమని చెప్పినా అది ఉండొచ్చు. ఎర్ర అక్షరంతో పసుపు జెండా కట్టిన దుకాణం కనబడితే అక్కడ 'జే' భోజనం దొరుకుతుంది. అందులో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. జైనులకు ఇంతకంటే ఏం కావాలి! మామూలు శాకాహారానికి థాయ్ మాట మంగ్‌సవిరత్. మెల్లగా పలికి చూస్తే మాంసవిరతి అని తెలుగువారికి వెంటనే అర్థమవుతుంది.

తెలుగు నేతవాళ్ల ఇళ్లలో చాలామందికి మాంసంతో పేచీ లేదు. వాళ్ల ఇబ్బంది వేరు. కారం ఉంటుంది, పులుపు ఉంటుంది, దాంతోపాటు తీపీ ఉంటుంది. అన్నం జిగురుగా ఉంటుంది. మూడో పూటకల్లా తాత సంచిలోంచి పచ్చడి సీసా బయటపడుతుంది. వాట్ ఫో నుంచి పెద్ద దూరం లేని ఫాహురత్‌కు వెళ్తే ఆ బెంగ కూడా తీరుతుంది. అది బ్యాంకాక్‌లో భారతీయుల బజారు. బంగారు గుమ్మటం ఉన్న సిక్కుల గురుద్వారా, దాని చుట్టూ బట్టల దుకాణాలు, రొట్టె, పప్పు, మిఠాయిలు. సూరత్ రింగ్‌రోడ్డు నుంచి వచ్చిన చీరల వ్యాపారి అక్కడ తాను చూస్తున్నది విదేశమా, తన మార్కెట్టేనా అని ఓ క్షణం తడబడతాడు.

బట్ట వెళ్లిన దారి

ఆ తడబాటుకు చరిత్రలో ఆధారం ఉంది. సూరత్ మనిషికి ముందే సూరత్ బట్ట సయాం చేరింది. 19వ శతాబ్ది మధ్యలో సూరత్‌కు చెందిన మస్కతీ కుటుంబం బ్యాంకాక్‌లో బట్టల వ్యాపారం పెట్టింది. థాయ్ ఆడా మగా నడుముకు చుట్టి గోచీ పోసి కట్టుకునే బట్ట కోసం, వాళ్ల అభిరుచికి తగ్గ డిజైన్లతో గుజరాత్‌లో అద్దకం చేయించి ఓడల్లో పంపేవారు. గాంధీనగర్ దగ్గరి పేథాపూర్‌లో చెక్క అచ్చులు చెక్కేవారు ఆ డిజైన్లకు ప్రసిద్ధులు. సౌదాగరులు కొనే బట్ట కాబట్టి దానికి సౌదాగిరి అని పేరు. రెండో ప్రపంచయుద్ధం కాలానికి ఆ వ్యాపారం అడుగంటింది. చావో ఫ్రాయా పడమటి ఒడ్డున ఖ్లాంగ్ సాన్ ప్రాంతంలో గుజరాతీ దావూదీ బోహ్రా వర్తకులు కట్టుకున్న సైఫీ మసీదు ఇప్పటికీ ఉంది. స్థానికులు దాన్ని తుక్ ఖావ్, అంటే తెల్ల మేడ అంటారు.

ఈ కథలో తెలుగు పాయ ఇంకా పాతది. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం. అక్కడినుంచి ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయ్ చేరేవి. అక్కడ సరుకు దింపి, కొండదారిన అయుత్తయకు తరలించేవారు. సయాం రాజాస్థానం తమ నమూనాలు పంపి కోరమాండల్ తీరంలో కలంకారీ వేయించుకునేది. ఏ హోదావాడు ఏ బట్ట కట్టాలో రాజే నిర్ణయించేవాడు కాబట్టి ఆ బట్ట అక్కడ మామూలు సరుకు కాదు, పదవికి గుర్తు. ఇంగ్లిష్ కంపెనీ మన దేశంలో తన తొలి స్థావరాలు పెట్టుకున్నది కూడా ఈ రెండు బట్టల రేవుల్లోనే. 1611లో మచిలీపట్నం, 1613లో సూరత్.

అన్నింటికన్నా విచిత్రం పేర్లది. బ్యాంకాక్‌కు దక్షిణంగా 600 కిలోమీటర్లకు పైగా దూరంలో సూరత్ థాని అనే పట్నం ఉంది. 1915లో ఆరో రాముడు వజిరావుధ్ ఆ ఊరికి మన సూరత్ పేరు పెట్టాడు. థాయ్ లిపిలో రాసేటప్పుడు అది సురాష్ట్ర ధాని. మంచివాళ్ల ఊరని వాళ్లు అర్థం చెప్పుకుంటారు. అంతటితో ఆగలేదు. ఆ ఊరి పక్కన పారే నదికి కూడా అదే ఏడాది పేరు మార్చి తాపీ అన్నారు. సూరత్ పక్కన పారే తాపీ నది, మన పురాణాల తపతి, పేరే అది. నవదంపతులు ముచ్చటపడి వెళ్లే కో సముయి దీవి ఉన్నది ఆ సూరత్ థాని రాష్ట్రంలోనే. సూరత్ నుంచి బయల్దేరి మరో సూరత్‌కే చేరామని వాళ్లలో ఎందరికి తెలుసో!

సెలవుకు రెండర్థాలు

సూరత్‌లో అందరూ బ్యాంకాక్ వెళ్తున్నారనుకుంటే పొరపాటు. దీపావళికి వజ్రాల కార్ఖానాలు సుమారు మూడు వారాలు మూతపడతాయి. బట్టల మార్కెట్లు లాభ పంచమి దాకా తెరుచుకోవు. యజమానికి అది షికారు కాలం. కార్మికుడికి ఊరెళ్లే కాలం. సౌరాష్ట్ర రత్నకళాకార్ అమ్రేలీ బస్సు ఎక్కుతాడు. ఒడియా మగ్గం కార్మికుడు గంజాం రైలు ఎక్కుతాడు. లింబాయత్, ఉధ్నా, డిండోలి బస్తీల తెలుగువాళ్లలో వీలున్నవాళ్లు కరీంనగర్, వరంగల్, నల్లగొండ దారి పడతారు.

పైగా ఈ మధ్య సెలవు అనే మాటకు ఇంకో అర్థం వచ్చి చేరింది. 2024 ఆగస్టులో సూరత్‌లోని అతి పెద్ద వజ్రాల కంపెనీల్లో ఒకటైన కిరణ్ జెమ్స్ తన 50 వేల మంది కార్మికులకు పది రోజుల సెలవు ప్రకటించింది. పండగ లేదు, పబ్బం లేదు. సానబెట్టిన రాళ్లకు గిరాకీ లేదు, అంతే. అమెరికా, చైనాల్లో కొనుగోళ్లు తగ్గాయి. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు గనుల వజ్రం ధరను పడగొట్టాయి. రష్యా రాళ్లపై పాశ్చాత్య దేశాల ఆంక్షలు తోడయ్యాయి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అంతకుముందే 2025 మేలో పని కోల్పోయిన రత్నకళాకారుల పిల్లలకు ఏడాదికి 13,500 రూపాయల దాకా బడి ఫీజు సాయం చేస్తామని గుజరాత్ ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. మన ఆరుగురి కుటుంబం బ్యాంకాక్‌లో ఒక కోట, ఒక గుడి చూసేసరికి ఖర్చయ్యే టికెట్ డబ్బు ఇంచుమించు అంతే.

తెలుగు బస్తీల్లో ఈ తేడా ఒకే ఇంటిపేరువాళ్ల మధ్య కూడా కనిపిస్తుంది. మగ్గాల మీద మీటరు లెక్కన కూలి తీసుకుని 12 గంటల షిఫ్టు చేసే మనిషికి పని ఆపిన ప్రతి రోజూ నష్టమే. ఇంట్లో ఆడవాళ్లు చీరలకు రాళ్లంటించి, లేసు కుట్టి సంపాదించేది చీరకింత అని. అదే తరంలో మగ్గం వదిలి దుకాణం పెట్టగలిగినవాడు పిల్లలకు పాస్‌పోర్టులు తీశాడు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే ఈ ఊరికి మనవాళ్ల చెమట ఎంత పట్టిందో తెలుస్తుంది. ఆ బడి మెట్లెక్కిన పిల్లల్లో విమానం మెట్లెక్కేది ఎందరన్నదే ప్రశ్న. నేరుగా విమానం రావడంవల్ల దూరం తగ్గింది. ఖర్చు తగ్గడానికి విమానం ఒక్కటే చాలదు.

ఒక చిన్న మార్పు

ఒకప్పుడు తిరుపతి యాత్రకు ఏళ్లతరబడి కూడబెట్టినట్టే ఇప్పుడు కొన్ని ఇళ్లలో బ్యాంకాక్ కోసం చీటీ పాడుకుంటున్నారు. అంత కష్టపడి వెళ్లేవాళ్లకు చూసేది కూడా గట్టిగానే దక్కాలి. వజ్రాల ఊరినుంచి వెళ్లి రత్నాల దుకాణంలో ఓ పూట, బట్టల ఊరినుంచి వెళ్లి టీషర్టుల మార్కెట్లో మరో పూట పోగొట్టుకోవడం ఏపాటి షికారు?

ప్యాకేజీలో చేయించుకోదగ్గ మార్పు ఒకటుంది. గ్రాండ్ ప్యాలెస్ ఆవరణలోనే 2012లో తెరిచిన క్వీన్ సిరికిత్ వస్త్ర మ్యూజియం ఉంది. రామకియన్ చూసి అలసిన పిల్లలు చల్లగా కూర్చుంటారు. పెద్దవాళ్లు థాయ్ రాజకుటుంబం కట్టిన పట్టు, జరీ, అద్దకం చూడొచ్చు. టూరు బస్సు సాధారణంగా దీనికోసం ఆగదు. ముందే అడిగి గంట సమయం మిగుల్చుకోవాలి.

దుకాణం నడిపే కొడుకు ఆ బట్టకు ధర కడతాడు. మనవలు ఫొటో తీస్తారు. ఇన్ని రోజులుగా సంచులు మోస్తూ, ఇంగ్లిష్ రాక వెనకబడుతూ వచ్చిన తాత ఆ అద్దాల బీరువా దగ్గర మాత్రం అందరికన్నా ముందుంటాడు. పడుగు ఎంత దగ్గరగా పడిందో, పేక ఎక్కడ మారిందో, అంచు విడిగా నేసి అతికారో ఒకేసారి నేశారో చెప్పగలిగినవాడు ఆ గుంపులో ఆయనొక్కడే. ఆ ఒక్క గంటా కుటుంబానికి గైడ్ ఆయనే.